ఎర్రగుంట్ల పని అయినాక

చి. పాపకు,

ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో నీ పని శుక్రవారం మధ్యాహ్నానికి అయిపోతుందనీ, సోమవారం సెలవు పెట్టి మనవాళ్లందరినీ చూసి బెంగళూరు పోతాననీ రాసినావు. మంచి పని. కానీ నువ్వు పంపిన జాబితా చూసినాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. ప్రొద్దుటూరులో నాలుగిళ్లు, జమ్మలమడుగులో రెండు, పులివెందులలో మూడు. అట్లా తిరిగితే తొమ్మిది టీలు తాగుతావు, ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడవు. రాత్రి పడుకుంటేనే మన పక్క చుట్టం వచ్చినట్టు లెక్క. నీ చేతిలో ఉండేవి మూడు రాత్రులు. రెండు ప్రొద్దుటూరులో మీ మేనత్త ఇంట్లో, ఒకటి పులివెందుల చిన్నజేజి దగ్గర. నడుమ ఒక పగలు జమ్మలమడుగులో నీ స్నేహితురాలికి. మిగతావాళ్లకు ఫోన్ చేసి, వస్తాండానని, ఈసారి ఇంటికి రాలేనని ముందే చెప్పు. చెప్పకుండా పోతే, ప్రొద్దుటూరు బస్టాండులో ఎవరో ఒకరు నిన్ను చూడకపోరు. ఫోటోలు గీటోలు ఉంటే బెంగళూరు చేరినాకే స్టేటస్‌లో పెట్టు.

ముందు ఆఫీసు సంగతి. మీ మేనేజరుకు ఇప్పుడే మెయిల్ పెట్టు: శుక్రవారంతో పని ముగుస్తుంది, ఆ తర్వాత రోజులు నా సొంతం అని. నోటిమాట చాలదు. గెస్ట్‌హౌసు గది శుక్రవారమే ఖాళీ చెయ్యి. ‘ఎట్లా ఖాళీగానే ఉంటుంది, ఉండండి మేడం’ అంటారు అక్కడివాళ్లు. అది వాళ్ల మర్యాద, నీ హక్కు కాదు. తిరుగు చార్జీ కంపెనీ ఇస్తే తీసుకో. దారి మార్చుకున్నందుకు ఎక్కువైతే ఆ తేడా నీది. నేను బ్యాంకులో ఉన్నప్పుడు, ఇన్‌స్పెక్షన్‌కు పోయినచోట సెలవు పెట్టుకున్న రోజుకు హాల్టింగ్ అలవెన్స్ రాసుకునేది లేదు. సర్కారు ఉద్యోగులకైనా టూరులో క్యాజువల్ లీవు పెట్టిన రోజుకు డీఏ రాదు. మీ కంపెనీ రూల్సులో ఏమీ రాసి లేకపోయినా నువ్వు ఇదే పద్ధతి పెట్టుకో. ల్యాప్‌టాప్ అత్త బీరువాలో పెట్టి తాళం వేయించు, పిల్లకాయలు సినిమా పెట్టమని పట్టుకుంటారు.

ప్రొద్దుటూరు గురించి నీకు కొత్తగా చెప్పేదేముంది. అత్త నిన్ను బంగారు అంగళ్లకు తిప్పకుండా వదలదు. ఆ ఊళ్లో అది టీ ఇచ్చినంత మామూలు మర్యాద. చూడు, కొనకు. ఆమె ఒకపూట పనిలో ఉంటే అగస్త్యేశ్వరస్వామి గుడికి పోయిరా. పుట్టపర్తి నారాయణాచార్యులు శివతాండవం కట్టింది ఆ గుడిలో ప్రదక్షిణలు చేస్తూనే. బంగారం గురించి చెప్పేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు, ఈ మాట చెప్పేవాళ్లు తగ్గిపోయినారు.

జమ్మలమడుగు దగ్గర మాత్రం నా మాట విను. నీ స్నేహితురాలికి పెళ్లయి ఆ ఊరికి పోయినప్పటి నుంచి మీరిద్దరూ ఫోన్‌లో తప్ప కలవలేదు. నువ్వు వాళ్లింటికే పోయి కూర్చుంటే ఏమవుతుంది? తెల్లవారుజామునే లేచి సంగటి కెలికి, కోడి పులుసు పెట్టి, అలసంద వడలు కాల్చి, నువ్వు బస్సెక్కే వేళకు చేతులు తుడుచుకుంటూ బయటికి వస్తుంది. మీ మాటలన్నీ వంటింటి గడప దగ్గరే నిలిచిపోతాయి. కాబట్టి ఇంట్లో ఒక గంట కూర్చొని, వాళ్లత్తను నువ్వే అడుగు: గండికోట చూడాలని ఉంది, మీ కోడలిని కొంచెం నాతో పంపుతారా అని. కోడలు అడిగితే ఏదో ఒక పని అడ్డం వస్తుంది. ఇంటికొచ్చిన పిల్ల అడిగితే కాదనరు. కోట పదిహేను కిలోమీటర్లు, ఆటోలో పోవచ్చు. వచ్చినవాళ్లంతా పెన్న లోయ అంచున ఫోన్లు పట్టుకొని నిలబడి, అరగంటలో తిరిగిపోతారు. మీరు లోయ చూసి, ఆమె చంటిబిడ్డను అంచుకు పోనీకుండా పట్టుకొని, మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు చూసి, మసీదు పక్కనుండే ధాన్యాగారం నీడలో కూర్చోండి. నువ్వు మిఠాయి పెట్టె తీసుకుపోయినా పోకపోయినా నీ స్నేహితురాలికి ఆ పూటే పండగ. రాత్రికి ప్రొద్దుటూరు వచ్చెయ్యి, అరగంట దారే.

పులివెందుల చివరికి పెట్టమన్నది ఊరికే కాదు. జేజినాయన పోయినప్పుడు నువ్వు రాలేకపోయినావు. పలకరింపుకు పోయినవాళ్లు అక్కడి నుంచి ఇంకొకరి గడప తొక్కరు, నేరుగా ఇంటికే పోవాల. నువ్వు ముందు అక్కడికి పోయి తర్వాత చంటిబిడ్డ ఉన్న ఇంటికి పోతే, నీకు పట్టింపు లేకపోయినా వాళ్లకు ఉంటుంది. మంగళ, శుక్రవారాలు పలకరింపుకు పనికిరావు. నీకు ఆదివారం పడుతుంది, ఇబ్బంది లేదు. ముద్దనూరు మీదుగా పో. పలకరింపుకు పోయి రాత్రి ఉండకూడదంటారు కొందరు, అది పరాయివాళ్లకు. దినాలు అయిపోయినాయి, నువ్వు ఆ ఇంటి మనవరాలివి, ఉండు. మిఠాయిలు, పూలు తీసుకుపోవద్దు. చిన్నజేజి చీనీ తోటకు రమ్మంటే పో, జేజినాయన చేతితో పెట్టిన చెట్లు ఆమె చూపించాల, నువ్వు చూడాల. తోట అమ్మకం సంగతి ఎవరెత్తినా నోరు మెదపొద్దు. అది మీ నాయన, నేను కూర్చొని మాట్లాడుకునే విషయం. ఆ ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు అలవాటుగా ‘పోయొస్తా’ అనేవు, అనకుండా లేచి రా. వాళ్లూ అట్లే చూస్తారు, తప్పు పట్టరు.

సోమవారం పొద్దున కదిరి బస్సెక్కితే, అక్కడి నుంచి బెంగళూరుకు బండ్లు దొరుకుతాయి. మళ్లీ ఎర్రగుంట్లకో కడపకో వెనక్కి పోవాల్సిన పని లేదు. చిన్నజేజికి ఫోన్‌లో మాట సరిగా వినపడదు, నువ్వు చెయ్యొద్దు. నువ్వు వచ్చే సంగతి పక్కింటివాళ్లతో నేనే చెప్పిస్తా. శుక్రవారం లోపల ఏదైనా మారితే మాత్రం ముందు అత్తకు చెప్పు, ఆమె పొద్దున్నే సెనిక్కాయలు వేయించి ఊరిబిండి నూరి పెట్టుకుంటుంది.

నీ
పెదనాయన