పెరటితోటయు పాములును

బావిగట్టు, దాని చెంత అరటిగుంపు, కరివేపచెట్టు, మల్లెపందిరి, కంచెమీద దొండతీగ – ఇవన్నియు గల పెరడు తెలుగునాట నేటికిని అక్కడక్కడ కానవచ్చును. అట్టి పెరటికి ఉడుతలు, పిచ్చుకలు, తేనెపిట్టలు, సీతాకోకచిలుకలు వచ్చును. వానిని చేరదీసి పోషింపవలెనను కోరిక యీ దినములలో పట్టణవాసులకును కలుగుచున్నది. వారు పిట్టలకు గింజలు చల్లుదురు, నీటితొట్టి అమర్తురు, రాలిన ఆకులను కాల్చక చెట్లమొదళ్ల యందే పోయుదురు. ఇవి మంచి పనులే. కాని యొకనాటి సాయంకాలము నీటితొట్టి ప్రక్కన నాగుపాము పడగ విప్పినచో ఇంటిల్లిపాదికిని తోటమీద విరక్తి పుట్టును. మఱునాడే చెట్లు నఱికించి, పెరడంతయు సిమెంటు చేయించువారు కలరు. ఇది తొందరపాటు పని.

పాము ఎందులకు వచ్చినదో ముందుగా ఆలోచింపవలెను. పిట్టలు తినగా మిగిలిన గింజలకు రాత్రివేళ ఎలుకలు చేరును. తొట్టినీటికి కప్పలు చేరును. ఎలుకల కొఱకును, కప్పల కొఱకును పాము వచ్చును. మొగలిపూల పరిమళమునకు పాములు వచ్చునని పెద్దలు చెప్పుదురు గాని, వానికి పూవులతో పనిలేదు. దట్టమైన ముండ్లపొద నీడయు, ఆ పొదలోని కప్పలు, తొండలే వానికి కావలసినవి.

భయమునకు కారణము లేకపోలేదు. 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది మరణించిరని 2020లో వెలువడిన యొక పరిశోధన లెక్కకట్టినది. ఆ మరణములలో సగము జూన్, సెప్టెంబరు మాసముల నడుమ సంభవించినవే. మృతులలో అధికసంఖ్యాకులు పల్లెవాసులు. 2018వ సంవత్సరపు వర్షకాలమున కృష్ణాజిల్లా దివిసీమలో పాముకాట్లు మిక్కుటమై, మోపిదేవి ఆలయమున శాంతిహోమము సైతము జరిపించిరి.

అయినను పాములన్నియు విషము గలవి కావు. ఎక్కువ ప్రాణములు తీయునవి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అను నాలుగే. పెరటిలో తఱచుగా కనబడు జెర్రిపోతునకు విషము లేదు. పగటివేళ తిరుగుచు ఎలుకలను పట్టి తినును. దానిని నాగుపామని భ్రమించి కొట్టి చంపుదురు. చంపినవారి యింట ఎలుకలు వృద్ధిపొందును. ఆ యెలుకల కొఱకు మఱియొక పాము వచ్చును. అది జెర్రిపోతే యగునని చెప్పుటకు వీలులేదు. అదియును గాక, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పాములకు రక్షణ కల్పించినది.

కావున చేయవలసినది తోటకును ఇంటికిని నడుమ ఎడము కల్పించుట. ఇంటిచుట్టును ఐదారడుగుల మేర నేలను గడ్డి మొలవకుండ చదునుగా ఉంచవలెను. మరుగులేని బట్టబయలు దాటుటకు పాము జంకును, దాటినను కంటబడును. మన అవ్వలు ప్రతిదినము తెల్లవారుజామున వాకిలి, పెరడు ఊడ్చి కళ్లాపి చల్లుట ముగ్గుకొఱకే యని తలపరాదు. రాత్రి ఏ పురుగు ప్రాకినదో ఊడ్చిన మట్టిమీది చారలే వారికి తెలిపెడివి. కట్టెలమోపు, పిడకలగుట్ట, కొబ్బరిమట్టలు, విఱిగిన పెంకులు గోడకు ఆనించి పేర్చుట పామునకు ఇల్లు కట్టి యిచ్చుటయే. వానిని తోట చివరకు చేర్పవలెను. ఆకులకుప్పయు నీటితొట్టియు అచ్చటనే యుండవలెను. అచ్చట కప్పలుండనిండు, పాములును ఉండనిండు. గింజలు మాత్రము పగటివేళ పిట్టలు తినగలిగినంతే వేసి, ప్రొద్దుగ్రుంకకముందే మిగిలినవి ఊడ్చి తీయవలెను. ఎలుకలను బోనుపెట్టి పట్టుట మేలు. మందు పెట్టినచో ఆ యెలుకను తిన్న గుడ్లగూబయు చచ్చును.

పాముపిల్ల దూరుటకు చిటికెనవ్రేలు పట్టునంత సందు చాలును. తలుపుక్రింది సందును మూయవలెను. తూములకు సన్నని ఇనుపవల బిగింపవలెను. ఇంటికప్పును తాకు కొమ్మలను కొట్టివేయవలెను. గంధకపు పొడి, కలరా ఉండలు, వెల్లుల్లి, ఫినాయిలు చల్లినచో పాములు రావని నమ్మి ధనము వెచ్చించువారు పెక్కుమంది. వానివలన పాము ఆగదు. కలరా ఉండలు పిల్లల నోటబడినచో వేరొక యాపద. కాయగూరల మడులమీద కప్పు నైలాను వలలను పనితీరినపిమ్మట నేలమీద విడువరాదు. వానిలో చిక్కుకొని జెర్రిపోతులు ప్రాణములు విడుచుచుండును.

కట్లపాము సంగతి వేఱు. అది రాత్రులయందు ఇంట ప్రవేశించి, నేలమీద నిదురించువారిని కఱచును. కాటు బాధ అంతగా తెలియదు. ఉదయమునకు కనుఱెప్పలు వాలును, ఊపిరి కష్టమగును. ఆ కాలమున మంచముమీద పండుకొని, దోమతెర అంచులను పఱుపుక్రింద దోపుకొనవలెను. చీకటిలో పెరటిలోనికి పోవువారు టార్చిలైటు లేక పోరాదు. కాటుపడినచో గాయమును కోయుట, పీల్చుట, త్రాటితో బిగించి కట్టుట, మంత్రము కొఱకు వేచియుండుట – ఇవి ప్రాణహానికరములు. కాటుపడిన అవయవమును కదలనీయక, గాజులు, ఉంగరములు తీసివేసి, వెంటనే విషవిరుగుడు మందు దొరకు ఆసుపత్రికి కొనిపోవలెను.

ఇంటిలో పాము కనబడినచో దానిని మూలకు తరుమక, దూరమున నిలిచి దానిమీద కన్నువేసి, అటవీశాఖవారికి గాని పాములు పట్టుటలో తర్ఫీదు పొందినవారికి గాని కబురంపవలెను. తోటలో కనబడినదానిని దాని త్రోవను పోనీయవలెను. తోటకు కావలివారు తోటలోనే కలరు. పాము ప్రాకుచోట ఉడుత తోక కొట్టుకొనుచు ఆగక కూయును. గోరువంకలు కొమ్మమీద గుమిగూడి క్రిందికి చూచుచు కలకలము చేయును. అది విన్న తల్లి పిల్లలను అటు పోనీయక, వసారాలో నిలిచి ఆ కూతలు కంచె దాటిపోవువఱకు ఆలకించును.