ఊతకోల

పాఠ్యభాగ ఉద్దేశం

వయసు మళ్ళినా ఏటితో అనుబంధాన్ని వదులుకోలేని పెద్దలు మన గ్రామాలలో ఎందరో ఉన్నారు. వారు నీటిలోకి దిగి చేపలు పట్టేటప్పుడు ప్రమాదానికి లోనుకాకుండా ఒక సామాన్యమైన కర్ర ఎలా కాపాడుతుందో, దాని వెనుక ఉన్న శాస్త్రం ఏమిటో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

కర్ర వల్ల పది ప్రయోజనాలున్నాయని ఒక ప్రసిద్ధ సంస్కృత చాటు శ్లోకం చెబుతుంది. పక్షులను తోలడానికి, కుక్కలను అదలించడానికి, శత్రువును ఎదిరించడానికి, పామును తప్పించుకోవడానికి, పశువులను మళ్ళించడానికి కర్ర కావాలి. ఇవి అయిదు. బురదలో, నీటిలో, చూపు లేనప్పుడు, చీకటిలో, ముసలితనంలో కూడా కర్ర కావాలి. ఇవి మరొక అయిదు. మొదటి అయిదింటిలో కర్ర ఎదుటి ప్రాణిని నిలువరించే ఆయుధం. తరువాతి అయిదింటిలో అది పట్టుకొన్నవానిని నిలబెట్టే ఆధారం. వృద్ధుడైన జాలరి వేకువనే ఏటిలోకి దిగినప్పుడు ఈ రెండవ అయిదూ ఒక్కసారిగా అతనికి ఎదురవుతాయి. కాళ్ళ కింద బురద, చుట్టూ నీరు, మందగించిన చూపు, వెలుగు రాని వేళ, మీద పడిన వయసు. కనుక ఊతకోల అవసరాన్ని తెలుసుకోవడానికి ఏటి ఒడ్డుకంటే తగిన చోటు లేదు.

రాయలసీమ అనగానే వాననీటి కోసం ఎదురుచూసే మెట్ట పొలాలు గుర్తుకు వస్తాయి. అయితే ఆ సీమలోనే నల్లమల, ఎర్రమల కొండల నడుమ నల్లరేగడి లోయ ఒకటి ఉంది. ఆ లోయ గుండా కుందేరు ప్రవహిస్తుంది. జనం దీనిని కుందూ అంటారు. ఎర్రమలలో పుట్టి, నంద్యాల మీదుగా కోయిలకుంట్ల ప్రాంతాన్ని తడిపి, కడప సీమలో కమలాపురం సమీపాన పెన్నలో కలుస్తుంది. 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసిన ఊరుగా కోయిలకుంట్ల చరిత్రకెక్కింది. పూర్వం కర్నూలు జిల్లాలో ఉండిన ఈ మండల కేంద్రం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరింది.

కోయిలకుంట్ల పేరు చరిత్రలోనే కాక భూగర్భ శాస్త్రంలో కూడా ఉంది. కర్నూలు శిలా సముదాయంలోని ఒక సున్నపురాతి పొరకు శాస్త్రజ్ఞులు ఈ ఊరి పేరే పెట్టారు. ఈ ప్రాంతంలో ఇళ్ళ ముందు అరుగులకూ, నేలకూ పరిచే నాపరాయి సున్నపురాతి జాతికి చెందినదే. ఇటువంటి రాతి పలకలు నీటిలో నానితే వాటిమీద సన్నని పాచి పడుతుంది. పాచి పట్టిన పలకపై కాలు నిలువదు. ఇక నల్లరేగడి నేలల మీదుగా వచ్చే నీరు మెత్తని ఒండ్రును మోసుకువచ్చి మందగమనం ఉన్నచోట దింపుతుంది. అక్కడ కాలు దిగబడుతుంది. ఒకచోట జారుడు, మరొకచోట ఊబి. కలకబారిన నీటిలో ఏది ఎక్కడ ఉన్నదో కంటికి తెలియదు.

కుందూకు మరొక స్వభావం కూడా ఉంది. కొండవాగుల నీరు చేరి ఇది ఉన్నట్టుండి పొంగుతుంది. 2019 సెప్టెంబరులో నంద్యాల ప్రాంతంలో కుందూ, మద్దిలేరు పొంగి ఊళ్ళను ముంచెత్తాయి. అంతేకాదు, శ్రీశైలం జలాశయం నుండి పోతిరెడ్డిపాడు మీదుగా బానకచర్లకు చేరిన కృష్ణా జలాలలో కొంత భాగాన్ని నిప్పులవాగు, గాలేరు మార్గంగా కుందూలోకి వదులుతారు. అంటే కోయిలకుంట్లలో ఆకాశం నిర్మలంగా ఉన్ననాడు కూడా ఏటి మట్టం పెరగవచ్చు. నిన్న మోకాలి లోతున్న రేవు నేడు నడుము లోతు కావచ్చు. ఏభై ఏళ్ళ అనుభవం ఉన్నా, నేటి ఏటిని నేడే పరీక్షించుకోవాలి.

ఏరు ఇలా మారుతూ ఉంటే మనిషి శరీరం కూడా మారుతూనే ఉంటుంది. మనిషి నిటారుగా నిలబడటానికి మూడు సమాచారాలు కావాలి. కళ్ళు చూసేది ఒకటి, లోచెవి పసిగట్టేది రెండవది, పాదాలూ కీళ్ళూ తెలిపేది మూడవది. వయసుతోపాటు ఈ మూడూ క్రమంగా మందగిస్తాయి. మధుమేహం ఉన్నవారిలో పాదాల స్పర్శ మరింత తగ్గవచ్చు. రక్తపోటు మందులు కొందరికి కళ్ళు తిరిగేటట్లు చేస్తాయి. దగ్గరికీ దూరానికీ కలిపి చేసిన కళ్ళద్దాలు పెట్టుకొని కిందికి చూస్తే పాదాల దగ్గరి చోటు మసకగా కనిపిస్తుంది. కాలు జారిన తరువాత తమాయించుకోవడానికి యువకునికి పట్టే సమయం కంటే వృద్ధునికి ఎక్కువ సమయం పడుతుంది. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా దాదాపు 6,84,000 మంది మరణిస్తున్నారనీ, వారిలో అరవై ఏళ్ళు దాటినవారే అధికమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఇది గట్టినేల మాట. నీటిలో పడినవానికి దెబ్బతోపాటు ఊపిరాడని ఆపద కూడా తోడవుతుంది.

నీటిలో నిలబడటం ఎందుకు కష్టమో భౌతికశాస్త్రం వివరిస్తుంది. నడుము లోతు నీటిలో నిలిచిన మనిషి బరువులో దాదాపు సగాన్ని నీరే మోస్తుంది. ఇది సుఖంగా తోస్తుంది. కాని పాదం నేలను పట్టి ఉంచే ఘర్షణ, పాదం మీద పడే బరువును బట్టి ఉంటుంది. బరువు సగమైతే పట్టు కూడా సగమవుతుంది. మరొకవైపు, ప్రవాహ వేగం రెండింతలైతే అది మనిషిని నెట్టే బలం నాలుగింతలవుతుంది. లోతు పెరిగినకొద్దీ నీటి తాకిడికి లోనయ్యే దేహభాగం కూడా పెరుగుతుంది. ఒకవైపు పట్టు తగ్గుతుంది, మరొకవైపు నెట్టుడు పెరుగుతుంది. కాబట్టి వేగంగా పారే నీటిలో మోకాలు దాటి దిగకపోవడం ఉత్తమం.

ఇక్కడే ఊతకోల తోడ్పడుతుంది. గరిమనాభి నుండి కిందికి గీసిన నిలువు గీత ఆధార తలంలో ఉన్నంతవరకు వస్తువు పడిపోదు. రెండు పాదాలతో నిలిచిన మనిషి ఆధార తలం ఇరుకైన పట్టీ వంటిది. కర్ర కొన మూడవ బిందువైతే ఆ పట్టీ విశాలమైన త్రిభుజమవుతుంది. ఒక కాలు పైకెత్తినప్పుడు కూడా రెండు ఆధారాలు నేలమీద ఉంటాయి. అంతేకాక, కంటికి కనిపించని లోతునూ, రాతినీ, బురదనూ పాదం కంటే ముందుగా కర్ర తడిమి చెబుతుంది. ఊతకోల ఒకేసారి కాలూ అవుతుంది, కన్నూ అవుతుంది.

ఊతకోలకు ఖరీదైన వస్తువు అవసరం లేదు. నల్లమలలో పెరిగే సాధన వెదురు లోపల గుల్ల తక్కువగా ఉండి గట్టిగా ఉంటుంది. పగుళ్ళు, పురుగు తొలిచిన గుర్తులు లేని గడను ఎంచుకోవాలి. ఒడ్డున నిలిచి చూసుకొంటే దాని ఎత్తు చంక వరకు రావాలి. నేలమీద నడిచే చేతికర్ర ఇక్కడ చాలదు. ఏటిలో కర్ర మోపే చోటు పాదం ఉన్న చోటు కంటే పల్లంగా ఉండవచ్చు. అడుగున ఇనుప పొన్ను వేయించాలి. చేయి పట్టే చోట నూలుతాడు బిగువుగా చుట్టితే తడి చేతికి పట్టు దొరుకుతుంది. పూర్తి బరువు మోపి, అది వంగకుండా మోస్తున్నదో లేదో గట్టుమీదనే పరీక్షించాలి.

కర్ర ఉన్నంతమాత్రాన చాలదు, వాడే పద్ధతి తెలియాలి. ప్రవాహం వచ్చే దిక్కుకు కర్రను మోపి, దానిమీదికి కొద్దిగా వాలి నిలబడాలి. ముందు కర్రను కదిపి నేలను తడమాలి. అది గట్టిగా నిలిచిన తరువాత ఒక పాదం, అది కుదురుకొన్న తరువాత రెండవ పాదం కదపాలి. ఒకసారికి ఒకటే కదలాలి, తక్కిన రెండూ నిలిచి ఉండాలి. అడుగులు ఎత్తి వేయరాదు, నేలను రాస్తూ పొట్టిగా జరపాలి. ఒక కాలిమీదుగా మరొక కాలు దాటించరాదు. పారే నీటినే చూస్తూ ఉంటే కళ్ళు తిరుగుతాయి కనుక చూపును ఎదుటి గట్టు మీద నిలపాలి. కర్ర రాతి సందులో ఇరుక్కొంటే దానిని వదిలివేయగలగాలి. అందుచేత దాని తాడును మణికట్టుకు బిగించి కట్టుకోరాదు. నడుముకు, లాగితే ఊడే ముడితో కట్టుకోవాలి.

విసురువల వేయడానికి రెండు చేతులూ కావాలి. ఆ సమయంలో కర్ర చేతిలో ఉండదు. కాబట్టి కర్రతో వెతికి, రెండు పాదాలకూ కుదురైన చోటు దొరికిన తరువాతనే వల విసరాలి. వల తాడును చేతికి తగిలించుకొనే అలవాటు ఉన్నవారు, అవసరమైతే ఒక్క క్షణంలో విడిపించుకొనేటట్లు తగిలించుకోవాలి. మొద్దుకు చిక్కిన వల మనిషిని కూడా లాగుతుంది. పోయిన వలను మళ్ళీ అల్లుకోవచ్చు. ఒకవేళ పడిపోతే, వేగమైన నీటిలో వెంటనే లేచి నిలబడాలని పెనుగులాడరాదు. పాదం రాళ్ళ నడుమ చిక్కుకొనే అపాయం ఉంది. వెల్లకిలా తేలి, పాదాలను ప్రవాహం పోయే దిక్కుకు చాచి, నిదానమైన నీరు చేరిన తరువాత గట్టుకు రావాలి. తేలుడు చొక్కా ధరించడం, ఒంటరిగా వెళ్ళకపోవడం అన్నింటికంటే మేలైన జాగ్రత్తలు.

ఇన్ని తెలిసినా పెద్దలు కర్ర పట్టడానికి ఇష్టపడరు. దానికి కారణం శాస్త్రంలో లేదు, మనసులో ఉంది. కోయిలకుంట్ల పరిసరాలలోని ఒక బెస్త కుటుంబాన్ని ఊహించుకొందాం. కళాశాలలో చదివే మనుమడు వెదురు కర్ర తెచ్చి, “జేజినాయనా, ఏట్లోకి పోయేటప్పుడు ఇది పట్టుకొని పో” అంటాడు. “కుందూ నాకు కొత్తనా నాయనా? ఈ కర్ర పట్టుకొంటే ముసలోడైనాడని ఊరంతా నవ్వదా?” అంటాడు పెద్దాయన. ఆ మాటలో ఉన్నది మొండితనం కాదు. బతుకంతా తన కాళ్ళమీద తాను నిలబడిన మనిషి, ఆ నిలబడటమే తన గౌరవమని నమ్మినవాడు, దానిని కోల్పోతానేమోనని పడే భయం అది. “నువ్వు ముసలివాడివయ్యావు” అని మనుమడు వాదిస్తే ఆ భయం మరింత పెరుగుతుంది. అదే మనుమడు, “పోయిన వానకు రేవులో గుంతలు పడినాయంట జేజినాయనా, లోతు చూడను పనికొస్తుంది” అంటే, పెద్దాయన చేతికి అందేది ముసలితనపు గుర్తు కాదు, పనిముట్టు. పుట్టి నడిపేవాడు గడ పడితే ఎవరూ నవ్వరు కదా!

ఏరు దాటి తెప్ప తగలవేసినట్లు అని లోకంలో సామెత ఉంది. ఏటిలోకి దిగేటప్పుడు కర్రను జాగ్రత్తగా వాడి, చేపలు పడిన సంతోషంలో దానిని గట్టున మరచి, బరువైన బుట్టతో అలసిన కాళ్ళతో తిరిగి నీటిలోకి దిగితే ఈ సామెతకు ఉదాహరణ అవుతాము. తిరుగు ప్రయాణంలో అలసట ఎక్కువ, బరువు ఎక్కువ, శ్రద్ధ తక్కువ. కర్ర అప్పుడే ఎక్కువ అవసరం.

వృద్ధులను ఏటికి పోవద్దని ఇంటిలో కూర్చోబెట్టడం సులభం. కాని దానివల్ల వారికి చేపల వేట ఒక్కటే కాదు, తెల్లవారుజామున లేవడానికి ఉన్న కారణం కూడా పోతుంది. వారి ఇష్టాన్ని నిలుపుతూ ప్రాణాన్ని కాపాడే దారి వెతకడం కష్టమైనా, అదే నిజమైన ఆదరణ. ఊతకోల విలువ మనిషిని ఏటికి దూరం చేయడంలో లేదు, ఏటి నుండి ఇంటికి చేర్చడంలో ఉంది.

కఠిన పదాలు – అర్థాలు

ఊతకోల = ఆనుకొని నిలబడటానికి ఉపయోగపడే కర్ర
చాటు శ్లోకం = సందర్భానుసారంగా చెప్పిన విడి శ్లోకం
ఒండ్రు = నీటితో కొట్టుకువచ్చిన మెత్తని మట్టి
గరిమనాభి = వస్తువు బరువంతా కేంద్రీకృతమైనట్లు భావించే బిందువు
పొన్ను = కర్ర కొనకు తొడిగే లోహపు కట్టు
గడ = పొడవైన వెదురు కర్ర

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. వయసు మళ్ళినవారు ఏటిలోకి దిగినప్పుడు ఎదురయ్యే ప్రమాదాలను, వాటి కారణాలను వివరించండి.
2. ఊతకోలను ఎంచుకొనే విధానాన్ని, వాడే పద్ధతిని తెలియజేయండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. చాటు శ్లోకం చెప్పిన పది ప్రయోజనాలను పాఠంలో ఏ విధంగా రెండుగా విభజించారు?
2. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు కూడా కుందూ మట్టం ఎందుకు పెరగవచ్చు?
3. మనుమని రెండు రకాల మాటలలో ఏది సముచితం? ఎందుకు?

కృత్యం
మీ ఇంటిలోని ఒక పెద్దవారితో మాట్లాడి, వారు ఇష్టపడే పనిలో ఉన్న ప్రమాదాన్ని, ఆ పని మానకుండానే దానిని తప్పించే ఉపాయాన్ని పది వాక్యాలలో రాయండి.