‘హౌ ఆర్ యూ?’ అని అడిగితే: చేయవలసినవి, చేయకూడనివి

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు మొదటి వారంలోనే ఎదురయ్యే ప్రశ్న ఇది. సూపర్ మార్కెట్‌లో బిల్లు కొట్టే అమ్మాయి ‘హౌ ఆర్ యూ టుడే?’ అంటూనే పాలడబ్బా స్కాన్ చేసేస్తుంది. జవాబు కోసం ఆగదు, ఆగకపోయినా తప్పు కాదు. అదే మాట డాక్టరో, ఇన్సూరెన్స్ వాళ్లో, ముక్కూ మొహం తెలియనివాళ్లో అన్నప్పుడు మాత్రం కాస్త ఆలోచించి నోరు విప్పాలి.

చేయవలసినవి

దుకాణంలో, లిఫ్టులో అయితే ‘గుడ్, హౌ ఆర్ యూ?’ అని తిరిగి పలకరించండి. మోకాళ్ల నొప్పుల సంగతి అక్కడ అక్కర్లేదు. బ్రిటన్‌లో ‘యూ ఆల్‌రైట్?’ అంటారు. మీ మొహం పీక్కుపోయిందని కంగారుపడకండి, అదీ పలకరింపే.

డాక్టరు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. మనవాళ్లకు ఇక్కడే మొహమాటం అడ్డొస్తుంది. ఛాతీలో బరువుగా ఉందని పరుగున వెళ్లి, తెల్లకోటు కనబడగానే ‘ఐయామ్ ఫైన్’ అనేస్తారు. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, ఏం చేస్తే పెరుగుతోంది, ఏ మందులు వాడుతున్నారు - ఇవన్నీ ముందే కాగితం మీద రాసుకోండి. ఇంగ్లిష్ రాకపోతే ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్’ అనండి. ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు ఆ సాయం ఉచితంగా ఇవ్వాలి, చాలాచోట్ల ఫోన్లోనే కలుపుతారు. కొడుకో కోడలో పక్కనుంటే చాలదా అంటారా? మూత్రం సమస్యో, రక్తం పడటమో కోడలి ముందు ఏ మామగారు చెబుతారు!

చేయకూడనివి

కారు ప్రమాదం జరిగాక ‘ఆర్ యూ ఓకే?’ అంటే అలవాటుగా ‘ఫైన్’ అనకండి. మెడ, నడుం నొప్పులు కొన్నిసార్లు మర్నాటికి గానీ బయటపడవు. అవతలి ఇన్సూరెన్స్ వాళ్లు ఫోన్లో ఎంత తీయగా కుశలమడిగినా, ఆ కాల్ రికార్డవుతూ ఉండొచ్చు. ‘డాక్టరుకు చూపించుకోవాలి’ అని ఊరుకోండి. తలకు దెబ్బ తగిలినా, ఛాతీ నొప్పి వచ్చినా ఎవరో అడిగేదాకా ఆగకుండా 911కి ఫోన్ చేయండి.

తెలియని నంబరు నుంచి వాట్సాప్‌లో ‘హాయ్, హౌ ఆర్ యూ?’ అని వస్తే మర్యాదకైనా జవాబివ్వకండి. ‘సారీ, రాంగ్ నంబర్’ అన్నా చాలు, మీ నంబరు వాడుకలో ఉందని మోసగాళ్లకు తెలిసిపోతుంది. వారాల తరబడి తిన్నారా, పడుకున్నారా అని అడిగి, చివరికి క్రిప్టోలోనో షేర్లలోనో డబ్బు పెట్టమంటారు. బ్లాక్ చేయండి. డబ్బు పోతే, ఇండియాలో ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

ఇక పిల్లలకో మాట: నాలుగు రోజులుగా గది తలుపు తీయని రూమ్మేట్‌ను గడప దగ్గర్నుంచి ‘హౌ ఆర్ యూ?’ అని పలకరించి వెళ్లిపోకండి. లోపలికెళ్లి కూర్చుని తెలుగులో అడగండి, చెప్పేదాకా ఓపిక పట్టండి. ఆస్ట్రేలియాలో దీనికోసమే 2009 నుంచి ‘ఆర్ యూ ఓకే?’ డే జరుపుతున్నారు, సెప్టెంబరు రెండో గురువారం. బతకాలని లేదన్న మాట వినబడితే ఒంటరిగా వదలకండి. మానసిక సాయం కోసం అమెరికాలో 988 హెల్ప్‌లైన్‌కి, ఇండియాలో టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. టెలి మానస్‌లో తెలుగులోనూ మాట్లాడతారు.