అత్త అడుగులు

అత్తకు అరవై ఏళ్ళు. నిన్న మొన్నటి దాకా నాట్లకు పోయింది. కలుపు తీసింది. ఒకరోజు పొద్దున అంట్లు తోముతుంటే చేతిలో గిన్నె జారిపోయింది. తీసుకుందామంటే కుడి చెయ్యి లేవలేదు. మూతి పక్కకు వంగింది. మాట ముద్దగా వచ్చింది.

ఇరుగుపొరుగు వచ్చారు. "గాలి సోకింది" అన్నారు. పసరు పోయించమని ఒకరు చెప్పారు. పావురం రక్తం రుద్దమని ఇంకొకరు చెప్పారు. ఆ మాటల్లోనే మధ్యాహ్నం దాటింది. ఆసుపత్రికి చేరేసరికి పొద్దుగూకింది.

అత్తకు వచ్చింది పక్షవాతం. మెదడులో రక్తనాళం మూసుకుపోతే పక్షవాతం వస్తుంది. చిట్లినా వస్తుంది. కాలువ పూడిపోతే చివరి మడికి నీరందదు. పైరు ఎండుతుంది. ఇదీ అలాంటిదే. రక్తం అందని చోట మెదడు దెబ్బ తింటుంది. ఎడమ పక్క మెదడు దెబ్బ తింటే కుడి కాలు, కుడి చెయ్యి పడిపోతాయి.

నాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే సూది ఉంది. అందరికీ అది పనికిరాదు. పరీక్ష చేసి డాక్టర్లే చెబుతారు. కానీ దాన్ని నాలుగున్నర గంటల లోపల వెయ్యాలి. అత్తకు ఆ సమయం పసరు మాటల్లో పోయింది. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. "కాసేపు చూద్దాం" అనకూడదు.

మొదట్లో అత్త కాలు గుడ్డపేలికలా వేలాడింది. కొన్ని వారాలకు గట్టిపడింది. "కాలికి బలం వచ్చిందే!" అని ఇంట్లో అందరూ సంబరపడ్డారు. అది బలం కాదు, బిగువు. కండరాన్ని ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో మెదడే చెప్పాలి. ఆ కబురు సరిగా అందకపోతే కండరం బిగుసుకునే ఉంటుంది. దీన్ని డాక్టర్లు స్పాస్టిసిటీ అంటారు.

అత్త పిక్క రాయిలా అయింది. మడమ నేలకు ఆనదు. పాదం లోపలికి తిరిగింది. మోకాలు వంగదు. అందుకని కాలును కొడవలి తిప్పినట్టు పక్కనుంచి తిప్పి వేసేది. గడప దగ్గర వేళ్ళు తగులుకునేవి. రెండుసార్లు పడింది.

అన్నిటికంటే కష్టం రాత్రిపూట వచ్చేది. దొడ్డికి పోవాలంటే కోడల్ని లేపాలి. కోడలు పగలంతా కూలికి పోయి వస్తుంది. ఆమెను లేపడానికి అత్తకు మనసొప్పదు. అందుకని అత్త ఒక పని చేసింది. ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు తాగడం తగ్గించింది.

పది రోజులకు కాలు ఇంకా బిగిసింది. మంచం మీద తిప్పబోతే అరిచేది. కోడలు ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ కాలు చూసింది. తర్వాత అడిగింది:

"ఒంటికి పోసేటప్పుడు మంట ఉందా? విరేచనం అవుతోందా?"

అత్త తలొంచుకుంది. మంట ఉంది. నాలుగు రోజులుగా విరేచనం లేదు.

"బిగువు పెరగడానికి ఇదీ కారణమే" అంది డాక్టరమ్మ. మూత్రంలో చీము పట్టినా, మలబద్ధకం ఉన్నా, పుండు పడినా, చెప్పు కరిచినా బిగువు పెరుగుతుంది. నొప్పి ఎక్కడున్నా కాలు బిగుస్తుంది. ముందు దాన్ని నయం చెయ్యాలి.

కోడలు అత్త వైపు చూసింది. "నాకోసం నీళ్ళు మానేశావా అత్తా?" అంది. అత్త మాట్లాడలేదు.

డాక్టరమ్మ బిగువు తగ్గడానికి బాక్లోఫెన్ బిళ్ళలు రాసింది. వాటితో మగత రావచ్చు. కాళ్ళు తేలిపోయినట్టు ఉండొచ్చు. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. తగ్గిందని ఈ బిళ్ళల్ని ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. రక్తపోటు బిళ్ళలైతే రోజూ వేసుకోవాల్సిందే. మళ్ళీ పక్షవాతం రాకుండా కాపాడేవి అవే.

పిక్కలో వేసే సూది కూడా ఉంది. దాని పేరు బొటులినం. వేసిన కొద్ది రోజులకు కండరం వదులవుతుంది. సుమారు మూడు నెలలు పనిచేస్తుంది. ఖరీదు ఎక్కువ. కొడుకు కమ్మలు తాకట్టు పెడతానన్నాడు. కోడలు మాత్రం అడిగింది:

"సూది వేస్తే నడుస్తుందా అమ్మా?"

"సూది బిగువును వదిలిస్తుంది. నడక నేర్పదు. వదిలిన కాలికి రోజూ పని చెప్పాలి. లేకపోతే డబ్బు దండగ. ముందు ఆరు వారాలు వ్యాయామం చెయ్యండి. పట్టీ కట్టండి. మడమ ఆనకపోతే అప్పుడు సూది సంగతి చూద్దాం" అంది డాక్టరమ్మ.

వ్యాయామం నేర్పే ఆమెను ఫిజియోథెరపిస్టు అంటారు. ఆమె కోడలికి చేతులు పట్టి చూపించింది. అత్తను వెల్లకిలా పడుకోబెట్టాలి. మోకాలు చాపి ఉంచాలి. మడమను అరచేతిలో పట్టుకోవాలి. అరికాలును ముంజేతితో మెల్లగా పైకి వంచాలి. పిక్క సాగినట్టు తెలియాలి. అలాగే పట్టుకుని ముప్ఫై లెక్కపెట్టాలి. గుంజకూడదు. గుంజితే కాలు ఇంకా బిగుస్తుంది. నొప్పి పుడితే వదలాలి.

రెండోది లేచి నిలబడడం. చూడడానికి చిన్న పని. నడకకు ఇదే పునాది. నులక మంచం దీనికి పనికిరాదు, మనిషి దిగబడిపోతుంది. కోడలు గోడకు ఆనించి చెక్కబల్ల వేసింది. పాదాలు రెండూ నేలకు ఆనించి, కొంచెం వెనక్కి జరపాలి. ముందుకు బాగా వంగి లేవాలి. అత్త మొదట ఎడమ కాలి మీదే బరువంతా వేసి లేచేది. "కుడికాలు కూడా నీదే కదా అత్తా, దాని మీదా బరువు వెయ్యి" అని కోడలు నవ్వేది. మొదట అయిదుసార్లు. తర్వాత పది. పొద్దున, సాయంత్రం.

తర్వాత కిటికీ ఊచ పట్టుకుని కుడికాలి మీద బరువు మోపడం. ఆ తర్వాత అడుగులు. కోడలు కుడిపక్కన నిలబడి నడుము పట్టుకునేది. పడిపోయిన చేతిని పట్టి లాగకూడదు. లాగితే భుజం కీలు జారుతుంది. ఊళ్ళో చాలామంది అలాగే లాగి లేపుతారు. నూనె రాసి గట్టిగా మర్దన చేసేవాళ్ళూ ఉన్నారు. స్పర్శ తగ్గిన కాలికి వేడి ఇటుక కాపడం పెడితే బొబ్బలెక్కుతుంది. మనిషికి తెలియను కూడా తెలియదు.

చేతికర్ర మంచి చేత్తో పట్టుకోవాలి. మెట్టు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు వెయ్యాలి. దిగేటప్పుడు ముందు బిగిసిన కాలు దించాలి. కొడుకు దొడ్డిదారిలో రాళ్ళు ఏరేశాడు. తలుపు పక్కన పట్టుకోవడానికి వెదురు కర్ర కట్టాడు. వెనక పట్టీ ఉన్న చెప్పులు తెచ్చాడు.

అత్తకు ఇవన్నీ నచ్చలేదు. "నా ప్రాణం తియ్యకే" అని తిట్టిన రోజులున్నాయి. కోడలు విసుక్కుని కూలికి పోయిన రోజులూ ఉన్నాయి. అప్పుడు బడి నుంచి వచ్చిన మనవరాలు ముప్ఫై లెక్కపెట్టేది.

ఆరు వారాలకు మడమ నేలను తాకింది. పాదానికి పట్టీ ఉంటేనే. సూది అవసరం పడలేదు. కొందరికి పడుతుంది. అత్త చెయ్యి ఇంకా మడిచే ఉంది. నాట్లకు పోలేదు. నడక ఇప్పటికీ కుంటే.

అయిదో నెలలో ఒక రాత్రి కోడలికి మెలకువ వచ్చింది. పక్క మంచం ఖాళీగా ఉంది. గబుక్కున లేచింది. దొడ్డిలో కర్ర చప్పుడు వినిపించింది. టక్, టక్. కోడలు తలుపు దగ్గరే నిలబడింది. అత్త వెదురు కర్ర పట్టుకుని గడప దాటి వచ్చింది.

"నిద్ర చెడగొట్టానా?" అంది.

"లేదు అత్తా."

అత్త కుండ దగ్గరికి పోయి చెంబు నిండా నీళ్ళు ముంచుకుని తాగింది.