తాత ఎక్కిన బాంబర్ జాడ

ప్రశ్న: మా తాత రెండో ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ స్క్వాడ్రన్‌లో, బాంబర్ విమానంలో గన్నర్‌గా పనిచేశాడని మా ఇంట్లో చెప్తారు. ఆయన వివరాలు ఎట్ల దొరుకుతాయి?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఆ పేరుతోనే చాలామంది దారి తప్పుతారు. 110 హైదరాబాద్ స్క్వాడ్రన్ బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌ది. 1918లో దాని విమానాల ఖర్చు నిజాం భరించాడు కాబట్టి ఆ పేరొచ్చింది. అందులో ఉన్నవాళ్లంతా హైదరాబాద్ సంస్థానం వాళ్లని కాదు. మీ తాతగారు భారత వైమానిక దళంలో ఉండి ఉంటే ముందు 7, 8 స్క్వాడ్రన్లను చూడండి. రెండూ 1942 డిసెంబరులో మొదలయ్యాయి, ఏడోది మన విశాఖపట్నంలోనే. బర్మా సరిహద్దులో ఇవి నడిపిన వెంజెన్స్ డైవ్ బాంబర్‌లో ఇద్దరే: ముందు పైలట్, వెనక గన్నర్.

ఆధారాల కోసం ముందు ఇంట్లో పాత ట్రంకుపెట్టె తెరవండి. ఒకే రెక్క ఉన్న గుడ్డ బ్యాడ్జి దొరికితే, దాని మీద ఇంగ్లిషులో ‘ఏజీ’ అని ఉంటే ఆయన ఎయిర్ గన్నరే. లాగ్‌బుక్ దొరికితే అదృష్టమే! తేదీ, విమానం నంబరు, పైలట్ పేరు, ఎగిరిన గంటలు వరుసగా ఉంటాయి. పేరు, నంబరు చెక్కి ఉన్నాయేమో పతకాల అంచులు, వెనకవైపు కూడా చూడండి. అన్నిటికన్నా ముఖ్యం సర్వీస్ నంబరు.

అది దొరికాక ఢిల్లీ సుబ్రతో పార్కులోని ఎయిర్‌ఫోర్స్ రికార్డ్ ఆఫీసుకు, రక్షణశాఖ చరిత్ర విభాగానికి రాయండి. బంధుత్వం తెలిపే కాగితం జత చేయండి. 110వ స్క్వాడ్రన్ దినచర్య పుస్తకాలు మాత్రం లండన్‌లో క్యూ అనే ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.