అవతలి ఒడ్డు వాళ్లకూ అదే లెక్క రావాలి

నేను పుట్టింది కృష్ణా డెల్టా కొసన ఉన్న ఊళ్లో. పని చేసింది చాలావరకు సింగపూర్‌లో కూర్చుని, ఈ చుట్టుపక్కల దేశాల నదుల నీటి లెక్కల మీద. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న మన పిల్లలు మా తరం కంటే ఎంతో వేగంగా మోడళ్లు కడుతున్నారు. నాకు ఆలస్యంగా తెలిసినవి వాళ్లకు కాస్త ముందే తెలియాలని ఇవి రాస్తున్నాను.

1. కొలిచే చోటు చూడనివాడు లెక్క కట్టకూడదు.

నదిలో ఎంత నీరు పారుతోందో చాలా చోట్ల రోజూ నేరుగా కొలవరు. గేజి పలక మీద మట్టం చూస్తారు. ఇంత మట్టానికి ఇంత ప్రవాహమని ఎప్పుడో వేసిపెట్టిన పట్టికలోంచి అంకె తీస్తారు. ఆ పట్టిక ఏనాటిదని నేను చాలాకాలం అడగలేదు. రెండు ప్రభుత్వాలు పంచుకునే ఒక నదికి మోడల్ కట్టినప్పుడు వానకూ ప్రవాహానికీ పొంతన కుదరలేదు. నేల ఎంత నీరు పీలుస్తుందనే విలువలను అటూ ఇటూ జరిపి, చివరికి గీత మీద గీత పడేట్టు చేశాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఆ గేజి దగ్గరికి వెళ్లాను. పలక కింది అంకెలు బురదలో కూరుకుపోయి ఉన్నాయి. పై అంకెల రంగు వెలిసిపోయింది. పెద్ద వరదకు ఇసుక మేట ఈ ఒడ్డుకు జరిగిందనీ, అప్పటినుంచి తక్కువ నీటికే మట్టం ఎక్కువ చూపుతోందనీ గేజి చూసే పెద్దాయన చెప్పాడు. తన పుస్తకం అంచున ఆ మాట పెన్సిల్‌తో రాసి కూడా పెట్టాడు. పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించినవాళ్లు అంకెలు ఎక్కించి, అంచున ఉన్న రాతను వదిలేశారు. నేను నేల గుణమనుకుని సర్దింది ఆ ఇసుక మేటనే.

2. సగటు సంవత్సరం ఏ నదికీ రాదు.

1962 ఒప్పందం ప్రకారం సింగపూర్ మలేసియాలోని జొహోర్ నది నుంచి రోజుకు 25 కోట్ల గ్యాలన్ల వరకు నీరు తోడుకోవచ్చు. మన లెక్కలో ఏడాదికి సుమారు 14.6 టీఎంసీలు. శ్రీశైలం చూసిన కళ్లకు ఇది చిన్న అంకే. కానీ ఏ రోజు నీరు ఆ రోజు నదిలో ఉండాలి, ఎండాకాలమైనా సరే. అందుకే 1990 ఒప్పందం కింద సింగపూర్ తన ఖర్చుతో ఎగువన లింగియు జలాశయం కట్టింది. 1995లో అది పూర్తయింది. వానలప్పుడు పట్టి, నది సన్నగిల్లినప్పుడు వదలడం దాని పని. 2016 అక్టోబరుకల్లా ఆ జలాశయం 20 శాతానికి పడిపోయింది. వరసగా ఎండిన నెలలు ఎంత లోతుకు దించుతాయో ఏ సగటూ చెప్పదు.

కృష్ణ సంగతి మనకు తెలిసిందే. బచావత్ ట్రిబ్యునల్ 78 ఏళ్ల ప్రవాహాలు చూసి, నాలుగేళ్లలో మూడేళ్లు నమ్మదగిన నీరు 2060 టీఎంసీలని తేల్చింది. బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 47 ఏళ్లు తీసుకుంది, నమ్మకాన్ని 65 శాతానికి దించి 2293 టీఎంసీల లెక్క చెప్పింది. నది ఒకటే. తీసుకున్న ఏళ్లు మారాయి, శాతం మారింది, పంపకాల తగువు కొత్తగా మొదలైంది. ఏ ఏళ్లు తీసుకోవాలన్నది గణితం తేల్చే విషయమని నేను అనుకునేవాణ్ణి. అది ఎవరి పొలం ఎండవచ్చో ఎంచుకోవడం. మంచి వానల ఏళ్లతో సరిచూసిన మోడల్‌తో ఒకసారి కరువు అంచనా వేసి సంతకం పెట్టాను. దిగువ రైతులు నాట్లు వేశాక నీళ్లు చాలలేదు. నన్నెవరూ ఏమీ అనలేదు, నివేదికలో పద్ధతి అంతా సరిగానే ఉంది కాబట్టి. ఆ సంతకం నన్నింకా బాధిస్తుంది.

3. సముద్రానికి చేరే నీరంతా వృథా కాదు.

జొహోర్ నదిలో పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు ఎగువకు ఎక్కుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ మరింత పైకి వస్తుంది. లింగియు నుంచి వదిలే నీరు నదిని నింపడమే కాదు, నీరు తోడే చోటికి ఉప్పు చేరకుండా వెనక్కి నెడుతుంది కూడా. ఉప్పు వచ్చాక వదిలితే ప్రయోజనం లేదు. పై నుంచి నీరు దిగడానికి సమయం పడుతుంది. పోటు ఏ రోజు ఎంత ఎత్తు వస్తుందో ఏడాది ముందే తెలుసు, వాన సంగతి మాత్రం తెలియదు. ఈ రెంటినీ కలిపి ఎప్పుడు, ఎంత వదలాలో చెప్పగలగడమే ఇలాంటి చోట మోడల్ చేసే అసలైన మేలు. ప్రకాశం బ్యారేజీ కింద కృష్ణ ఎండితే నాగాయలంక వైపు నీళ్లు ఎలా ఉప్పెక్కుతాయో చిన్నప్పటినుంచీ ఎరిగినవాణ్ణి. అయినా నా తొలి నివేదికల్లో సముద్రంలో కలిసిన నీటిని 'నష్టం' అనే గడిలో వేశాను.

4. మోడల్ వాదన గెలవడానికి కాదు.

ఇది మిగతా వాటికన్నా నిదానంగా చదవండి. ఒక సమావేశంలో అవతలి పక్షం నుంచి వచ్చిన యువ ఇంజనీరు ఒకమ్మాయి మా ఫలితాలన్నీ ఓపికగా విని, మేము వాడిన వానల లెక్కలు, గేజి లెక్కలు ఇమ్మని అడిగింది. ఇవ్వడానికి మాకు అనుమతి లేదని చెప్పాను. అనుమతి కోసం నేను ప్రయత్నించనూ లేదు. వాళ్లు వెళ్లి తమ మోడల్ తాము కట్టుకున్నారు. తర్వాతి సమావేశానికి రెండు నివేదికలు, రెండు నదులు వచ్చాయి. ఆ పూట నుంచి నీటి మాట పోయి, ఎవరి మోడల్ గొప్పదన్న మాటే మిగిలింది. మాది సాంకేతికంగా మెరుగైనదే. దానివల్ల ఒక్క చుక్క నీరైనా ఎవరికీ అదనంగా అందలేదు. ఆ అమ్మాయికి ఆ రోజు లెక్కలు ఇచ్చి ఉంటే, మా తప్పులు తనే పట్టి ఉండేది, తర్వాత అదే లెక్కను తన వాళ్ల ముందు సమర్థించి ఉండేది కూడా.

లెక్క తేల్చలేనివి కూడా ఉంటాయి, వాటిని లెక్కలోకి లాగవద్దు. జొహోర్ నీటికి సింగపూర్ వెయ్యి గ్యాలన్లకు 3 మలేసియా సెన్లు చెల్లిస్తుంది. శుద్ధిచేసిన నీటిని జొహోర్ రాష్ట్రం వెయ్యి గ్యాలన్లకు 50 సెన్ల చొప్పున కొనుక్కుంటుంది. ఈ ధర సవరించే హక్కు మిగిలి ఉందా, 1987లోనే గడిచిపోయిందా అన్నది రెండు దేశాల మధ్య వివాదం. అది ఒప్పందం చదివి, ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవలసినది. ధర మీద ఎంత పట్టుదల ఉన్నా, నదిలో ఈ రోజు ఎంత నీరుందన్న దాని మీద పట్టుదలకు తావుండకూడదు. రాష్ట్రం విడిపోయాక కృష్ణా బోర్డు ముందు టెలిమెట్రీ పరికరాల మీద మనవాళ్లు తగువు పడుతుంటే నాకు కష్టం అనిపించేది ఇందుకే. ఎవరి వాటా ఎంతన్నది ఎంతకాలమైనా వాదించుకోవచ్చు. కాలువ తల దగ్గర మీటరును మాత్రం ఇద్దరూ కలిసి చూడాలి. 1962 ఒప్పందం 2061 దాకా ఉంది. ఆనాడు మాట్లాడేవాళ్ల చేతికి రెండు పక్షాలూ ఒప్పుకున్న కొలతలు అందాలంటే, ఆ కొలతలు ఇప్పుడే మొదలుకావాలి.

5. ఎంత నీరో తెలిస్తే చాలదు, ఎలాంటి నీరో తెలియాలి.

2019 ఏప్రిల్‌లో జొహోర్ నదిలో అమోనియా పెరిగి నీటి శుద్ధి కేంద్రాలు ఆపాల్సి వచ్చింది. నదిలో నీరు ఉంది, తాగడానికి పనికిరాలేదు. ఆ రోజుల్లో సింగపూర్ నీటి సంస్థ పి.యు.బి. జొహోర్‌కు అదనంగా శుద్ధినీరు పంపింది. ఎగువన పెంట, వ్యర్థాలు ఎక్కడ కలుస్తున్నాయో చూపని మోడల్ ఎంత పెద్దదైనా ఆ రోజు అక్కరకు రాదు.

6. సందేహం దాచిన అంకె అబద్ధంతో సమానం.

అధికారులు ఒక్క అంకె అడుగుతారు. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు, గేటు ఎత్తాలా దించాలా అన్నదే వాళ్లకు కావాలి. ఏళ్ల తరబడి నేను దశాంశ బిందువు తర్వాత రెండు అంకెలతో సహా ఇచ్చాను. కొలతలోనే పదో వంతు తేడా ఉన్న చోట ఆ రెండు అంకెలకు అర్థం లేదు, అయినా అవి చూసి నన్ను నమ్మారు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పిల్లల నివేదికలో ముందు మొదటి పేజీ చూస్తాను. ఏ గేజి, పట్టిక ఏ ఏడాది వేసింది, ఏ కరువుతో సరిచూశారు, తేడా ఎంత రావచ్చు, అవతలి పక్షంలో ఎవరు దీన్ని తిరిగి నడిపి చూశారు అన్నవి అందులో ఉండాలి. చివరి గడి ఖాళీగా ఉంటే, ఆ నివేదికను వెనక్కి పంపి, ముందు అవతలి వాళ్లకు ఫోన్ చేయమంటాను.