కింద ఊరి పేరు రాయి

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. ఫోన్లో పెట్టిన కవితకు ఊరి పెద్దమనిషి ఒకాయన కోపానికొచ్చాడని, మీ నాయన భయపడి తీసెయ్యమంటే తీసేశావని రాశావు. ‘కాగితం మీద కూడా లేదు పెద్దనాయనా’ అన్న చోట నా చూపు ఆగింది. భయపడ్డందుకు నిన్నేమీ అనను. కాగితం లేనందుకు మాత్రం అంటాను.

కాగితం ఎందుకంటావా, సురవరం ప్రతాపరెడ్డి సంగతి విను. ఆయనది మన గద్వాల దిక్కు ఇటిక్యాలపాడు. 1926 మే నెలలో హైదరాబాదులో గోలకొండ పత్రిక మొదలుపెట్టాడు. అంతకు నాలుగేళ్ల ముందే నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రిక తెచ్చాడు. అవి నిజాం రోజులు. సభ పెట్టుకోవాలన్నా ముందుగా సర్కారు అనుమతి కావాలి. కచేరీలోనూ బడిలోనూ ఉర్దూదే పెత్తనం. అట్లాంటి కాలంలో తెలుగులో పత్రిక అచ్చువేయడమే తెగింపు.

తెలంగాణలో కవులు లేరని ముడుంబ వెంకట రాఘవాచార్యులు అన్నప్పుడు, సురవరం వాదించి ఊరుకోలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించాడు. 1934లో గోలకొండ కవుల సంచిక వచ్చింది. అందులో 354 మంది కవులు. నేను ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా పద్యం కన్నా ముందు పేర్లే చదువుతాను. వాళ్లలో చాలామందికి అదే మొదటి అచ్చు, అదే చివరిది కూడా అయ్యుంటుంది. ఆ సంచికే లేకుంటే, కవులు లేరన్న మాట ఇప్పటికీ నిజమని చెలామణి అయ్యేది. నోరు నొక్కే సర్కారు ఒక ఎత్తు. ‘మీకు నోరే లేదు’ అనే లోకం ఇంకో ఎత్తు. ఈ రెండోదానికి జవాబు అచ్చులోనే ఉంటుంది.

నా తప్పు ఒకటి చెప్తాను. వయసులో ఉన్నప్పుడు ఒక చిన్న పత్రిక నడిపాను. అక్షరాలన్నీ సీసంవి, వత్తులు వేరే గడుల్లో ఉండేవి. కంపోజిటరు ఒక్కొక్కటే ఏరి, తలకిందులుగా పేర్చేవాడు. చెరువు శిఖం కబ్జా మీద ఒక కూలి మనిషి రాసిన కవిత ప్రూఫు దాకా వచ్చింది. ఇది వేస్తే మా ప్రెస్సుకు పని రాదని ప్రెస్సాయన బతిమాలాడు. నేను సరేనన్నాను. నా కళ్లముందే ఆ అక్షరాలు విప్పి ఎక్కడివక్కడ గడుల్లో వేశారు. రాసిన కాగితం ప్రెస్సులోనే పోయింది. మరో ప్రతి ఉంచుకోవాలని అతనికి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు ఆ మనిషి లేడు. చెరువూ లేదు.

అందుకే నీకు చెప్తున్నాను. కవిత ముందు నోటుబుక్కులో రాయి. కింద పేరు, ఊరు, తేదీ వేయి. ఫోన్లో పెట్టడం తప్పు కాదు, మా కాలంలో ఆరు నెలలు పట్టేది నీకు ఆరు క్షణాల పని. కానీ నంబరు మారితే, అకౌంటు మూసేస్తే అదంతా పోతుంది. ఒక మనిషి మీద ఆరోపణ చేస్తే రుజువు దగ్గర పెట్టుకో. రుజువు లేకుంటే పేరు తీసెయ్యి, కవితను తీసెయ్యకు.

పుస్తకం వేస్తానన్నావు. ఇప్పుడు యాభై కాపీలైనా వేయించుకోవచ్చు, అప్పు చేయకు. డీటీపీ చేసేవాళ్లు ‘అను’ ఫాంట్లలో కొట్టిన ఫైలు రేపు వేరేచోట తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. యూనికోడ్ ఫైలు కూడా అడిగి తీసుకో. ఇంకొకటి, 1954 నాటి చట్టం ప్రకారం మన దేశంలో అచ్చయిన పుస్తకం కాపీ ఒకటి 30 రోజుల్లోపు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ప్రచురించినవాళ్లే సొంత ఖర్చుతో పంపాలి. చాలామంది పంపరు. నువ్వు పంపు. మన జిల్లా గ్రంథాలయానికీ ఒకటివ్వు.

సురవరం ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, తెలుగులో మొట్టమొదటిది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. అచ్చయిన పుస్తకం మాత్రం నిలిచింది.

ఈ ఆదివారం తీరిగ్గా కూర్చుని ఆ తీసేసిన కవిత గుర్తున్నంత మేరకు రాసి నాకు పంపు. గుర్తురాని చోట ఖాళీ వదిలెయ్యి, కొత్త పాదం అతికించకు. రెండు ప్రతులు రాయి. ఒకటి నీ దగ్గర పెట్టుకో.

నీ పెద్దనాయన
మహబూబ్‌నగర్